సవ్రాసోవ్ చూసిన మార్చి

నా క్లినిక్ గోడ మీద ఉన్న బొమ్మ గురించి పేషెంట్లు తరచూ అడుగుతుంటారు. "ఏంటి డాక్టరమ్మా, కాకుల బొమ్మ పెట్టారు?" అని. ఒక పెద్దావిడ మాత్రం కాసేపు చూసి, "కాకి అరిస్తే చుట్టాలొస్తారు గదా, మంచిదేలే" అంది. రష్యాలో ఆ బొమ్మని ప్రేమించేవాళ్ళు చెప్పే మాట కూడా దాదాపు అదే.

రష్యన్ చిత్రకారుడు అలెక్సీ సవ్రాసోవ్ 1871లో వేసిన ‘గ్రాచీ ప్రిలెతేలి’ అది. రూక్ పక్షులు తిరిగొచ్చాయి అని అర్థం. రూక్ మన కాకికి దగ్గరి చుట్టం. ఒళ్ళంతా నలుపే గానీ ముక్కు మొదట్లో ఈకలుండవు, అక్కడ తెల్లటి బూడిద రంగు చర్మం కనిపిస్తుంది. చలికాలంలో దక్షిణానికి వెళ్ళిపోయి, మార్చిలో తిరిగొచ్చి, పాత గూళ్ళనే బాగుచేసుకుంటాయి. మార్చి 17న వచ్చే సెయింట్ గెరాసిమ్ రోజుని అక్కడి పల్లెవాళ్ళు ఈ పక్షి పేరుతోనే పిలుస్తారు.

బొమ్మలో వసంతం ఎక్కడుంది అంటే చూపించడం కష్టమే. పువ్వు లేదు, చిగురు లేదు. ముందు వరసలో తెల్లటి బెరడుండే బర్చ్ చెట్లు వంకర టింకరగా, వాటి కొమ్మల్లో గూళ్ళు. వెనక చెక్కల కంచె, ఒక పాత చర్చి, కొన ఉన్న గంటల గోపురం, దాని అవతల ఎక్కడిదాకానో పోయే పొలాలు. ఒక పక్కన కరిగిన నీళ్ళు మడుగు కట్టాయి. ఆకాశంలో బూడిద రంగు మబ్బుల మధ్య కాస్త నీలం. అంతే.

కానీ ఆ మంచు చూడండి. నేను రష్యాలోని యారోస్లావ్ల్ నగరంలో మెడిసిన్ చదివాను. మా ఇంట్లో నాన్న దాచుకున్న పాత ‘సోవియట్ భూమి’ సంచికల్లో మంచు ఎప్పుడూ తెల్లగా, కొత్త దుప్పటిలా ఉండేది. మార్చిలో అసలు మంచు అలా ఉండదు. పగలు కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. నాలుగు నెలల మసి, ఇసుక, గడ్డీ గాదం అన్నీ పైకి తేలతాయి. కింద మెత్తగా కుళ్ళినట్టయి, అడుగు వేస్తే మడమ దాకా దిగిపోతుంది. రోడ్ల మీద చల్లిన ఉప్పుకి మా బూట్ల మీద తెల్లటి చారలు పడేవి, ఎంత తుడిచినా పోయేవి కావు. అక్కడ పెరిగిన మా క్లాస్‌మేట్లు మాత్రం ఆ బురదలో నిలబడి, చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు విని సంతోషపడేవాళ్ళు. నాకది అర్థం కావడానికి ఒక పూర్తి చలికాలం పట్టింది.

సవ్రాసోవ్ ఆ మురికిని తుడిచెయ్యలేదు. మంచుని ఒక చోట గోధుమ రంగులో, ఒక చోట బూడిద రంగులో, నీడ పడ్డ చోట లేత నీలంలో వేశాడు. బర్చ్ కొమ్మల నీడలు దాని మీద మెత్తగా పడి ఉంటాయి. అంటే మబ్బుల వెనక ఎండ ఉంది. ఆ నీడలు లేకపోతే ఆ బొమ్మ వట్టి దిగులు బొమ్మ అయ్యేదని నా నమ్మకం.

బొమ్మ మీద ఊరి పేరు కూడా రాసుకున్నాడు: మోల్వితినో. కోస్త్రోమా నగరం దాటి ఉత్తరానికి పోతే వచ్చే ఊరు, ఇప్పుడు దాని పేరు సుసానినో. ఆ చర్చి ఇంకా ఉంది. దాంట్లో ఇప్పుడు ఇవాన్ సుసానిన్ (జార్‌ని కాపాడటానికి ప్రాణమిచ్చాడని చెప్పుకునే రైతు) మ్యూజియం నడుస్తోంది. ఆ ఏడాది చలికాలం సవ్రాసోవ్ కుటుంబం యారోస్లావ్ల్‌లో ఉంది, అక్కడే పుట్టిన పసిపాప చనిపోయింది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఈ బొమ్మకి పూనుకున్నాడు. ఆ దుఃఖమే బొమ్మలో ఉందని నేను తేల్చి చెప్పను. కానీ పసిపిల్లల్ని పోగొట్టుకున్న తండ్రుల్ని నా వృత్తిలో చూశాను గనక, ఆ తేదీలని పక్కకి పెట్టి ఈ బొమ్మ చూడలేను.

1871 చివర్లో పీటర్స్‌బర్గ్‌లో పెరెద్విజ్నికీ, అంటే ఊరూరా తిరిగి ప్రదర్శనలు పెట్టే చిత్రకారుల బృందం, మొదటి ప్రదర్శన జరిగింది. అక్కడ దీన్ని చూసిన ఆ బృందంలోని చిత్రకారుడు క్రామ్‌స్కోయ్, మిగతావాళ్ళ ప్రకృతి చిత్రాల్లో చెట్లున్నాయి, నీళ్ళున్నాయి, గాలి కూడా ఉంది గానీ ఆత్మ ఉన్నది ఈ బొమ్మలోనే అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. మాట నిజమే. కాకపోతే ఆ ఆత్మ ఎక్కడి నుంచో ఊడిపడలేదు, ఆ మంచుని అంత ఓపిగ్గా చూడటం వల్లే వచ్చిందంటాను.

తర్వాత సవ్రాసోవ్ జీవితం చితికిపోయింది. తాగుడు ఎక్కువై, 1882లో మాస్కో ఆర్ట్ స్కూల్లో టీచర్ ఉద్యోగం పోయింది. డబ్బుల కోసం ఇదే బొమ్మని మళ్ళీ మళ్ళీ వేసి అమ్ముకున్నాడు. 1897లో పేదరికంలో పోయాడు. ఆయన దగ్గర చదువుకున్న లెవితాన్ రాసిన నివాళిలో ఈ బొమ్మని ప్రత్యేకంగా తలచుకుని, దానిలోని నిరాడంబరతకి ఆశ్చర్యపోయాడు. లెవితాన్ 1895లో వేసిన ‘మార్చి’ చూస్తే శిష్యుడు ఏం నేర్చుకున్నాడో తెలుస్తుంది. అందులో ఎండ ఎక్కువ, రంగులు ఎక్కువ, ఆనందమూ ఎక్కువే. అయినా నా ఓటు గురువుకే.

మన పిల్లలు ఇప్పటికీ మెడిసిన్ కోసం రష్యా వెళ్తున్నారు. మాస్కోలో ఒక పూట దొరికితే లావ్రుషిన్‌స్కీ సందులో ఉన్న ట్రెత్యకోవ్ గ్యాలరీకి వెళ్ళండి, సోమవారం మాత్రం మూసి ఉంటుంది. అక్కడున్న అసలు బొమ్మ ఎత్తు 62 సెంటీమీటర్లే, పెద్ద పెద్ద కాన్వాసుల మధ్య దాటిపోయే ప్రమాదం ఉంది. దగ్గరగా నిలబడి చెట్ల మొదట్లో వెతకండి. ఒక రూక్ ముక్కున పుల్ల పట్టుకుని ఉంటుంది. నా గోడ మీది ప్రింటులో అది సరిగ్గా కనపడదు.