వాంగ్‌ల ఊరికి నీళ్లు తెచ్చిన కోడలు

చైనాలో ఆన్‌హుయీ ప్రావిన్స్‌లో హోంగ్‌ట్సున్ అనే ఊరుంది. వాంగ్ అనే ఇంటిపేరువాళ్లు 1131లో కట్టుకున్న ఊరు. మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో సెలవులకు తీసుకెళ్లి చూపించింది. మా రాజాం వైపు పల్లెల్లోనూ వీధి వీధంతా ఒకే ఇంటిపేరు ఉంటుంది కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. వింతంతా నీళ్ల దగ్గరే.

ఊరి పడమర గెడ్డకు, అంటే వాగుకు, రాళ్లతో అడ్డుకట్ట వేసి, సన్నటి కాలువ తవ్వి, ఇళ్ల గుమ్మాల ముందు నుంచి మెలికలు తిప్పారు. కొందరి పెరటి కొలనుల్లోకి కూడా ఆ నీళ్లే వెళ్తాయి. ఊరంతా ఒక ఎద్దు అంటారు వాళ్లు. కొండ తల, రెండు పెద్ద చెట్లు కొమ్ములు, ఇళ్లు ఒళ్లు, కాలువ పేగులు, నడిమి చెరువు పొట్ట. పొద్దున్నే తాగడానికి నీళ్లు పట్టుకున్నాకే ఎవరైనా బట్టలు ఉతకాలన్నది పాత కట్టుబాటట.

ఆ నడిమి చెరువు 15వ శతాబ్దం మొదట్లో తవ్వింది. దగ్గరుండి తవ్వించింది హూ చోంగ్ అనే ఆవిడ అని ఊళ్లో చెబుతారు. అక్కడ పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. ఈవిడ ఇంటిపేరు హూ, అంటే వాంగ్‌ల వంశానికి కోడలన్నమాట. భర్త దూరాన ప్రభుత్వ కొలువులో ఉంటే పని ఆవిడే నడిపించింది. చెరువు గుండ్రంగా కాకుండా అర్ధచంద్రాకారంలో ఉండాలందట. నిండిన చంద్రుడు తరగాల్సిందే, సగం చంద్రుడికి పెరగడానికి చోటుంటుందని. నేనూ ఒక ఊరికి కోడలినే. ఆ గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

చెరువుకు ఉత్తరాన వంశం పెద్దల మందిరం ఉంది. సంక్రాంతికి మనం ఎవరింట్లో వాళ్లం పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం, వాళ్లకు ఊరందరికీ కలిపి ఒక చోటు. 1607లో ఊరి దక్షిణాన ఇంకో పెద్ద చెరువు కూడా తవ్వారు.

వాళ్లదీ వలస ప్రాంతమే. కొండల మధ్య సాగుభూమి తక్కువ, మగపిల్లలు మీసాలు రాకముందే వ్యాపారానికి వెళ్లిపోయేవారు. ఉప్పు, టీ అమ్మి సంపాదించింది ఊరికి పంపేవారు. ఉప్పు వర్తకుడొకాయన 1855 ప్రాంతంలో కట్టించిన మేడలో చెక్క దూలాల మీద చెక్కడాలు చూస్తూ ఎంతసేపైనా ఉండొచ్చు. ఇళ్లకు బయటివైపు కిటికీలు తక్కువ. వెలుతురూ వానా లోపలి మండువాలోంచే వస్తాయి. ఒక ఇంటి నిప్పు పక్కింటికి పాకకుండా గోడలను కప్పు కంటే పైకి లేపారు. 2000లో యునెస్కో ఈ ఊరినీ, దగ్గర్లోని హూ వంశం ఊరు షీదీనీ వారసత్వ జాబితాలో చేర్చింది.

మా ఊరికీ విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి డబ్బు వస్తోంది. ఇళ్లన్నీ మేడలయ్యాయి. ఊరి చెరువు, మా బందలో మాత్రం గుర్రపుడెక్క అల్లుకుపోయింది, నీళ్లు వదిలే మదుం (తూము) విరిగింది. మా మరుదులూ తోడికోడళ్లూ ఇది చదువుతారని తెలుసు. పెద్ద పండక్కి అందరం కలిసినప్పుడు ఇంటికింత అని వేసుకుని ముందు మదుం బాగుచేయిద్దాం, పూడిక ఎండాకాలంలో తీయిద్దాం. లెక్కలు నేను రాస్తాను.