ఫైర్ ఎన్‌ఓసీ అక్కర్లేని బిల్డింగుల గురించి

బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో, సేఫ్టీ చూస్తానని తెలిసినవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "మాది చిన్న బిల్డింగే కదా, ఫైర్ ఎన్‌ఓసీ అక్కర్లేదటగా?" ఎన్‌ఓసీ అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం. అక్కర్లేకపోవచ్చు. మన తెలంగాణలో ఇళ్లయితే 18 మీటర్లు, వ్యాపార భవనాలయితే 15 మీటర్లు ఎత్తు ఉంటేనే ఎన్‌ఓసీ లెక్కలోకి వస్తాయి. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి చోట్లకి మాత్రం 6 మీటర్ల ఎత్తో, 500 చదరపు మీటర్ల స్థలమో దాటితే చాలు. ఆ లెక్కలో లేం కాబట్టి ఇక మనకే రూలూ వర్తించదనుకుంటారు చూడండి, నా భయమంతా అక్కడే.

2022 మార్చిలో హైదరాబాద్ బోయిగూడ స్క్రాప్ గోడౌన్‌లో మంటలు లేచి, పైన పడుకున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు, వాళ్లు కిందికి దిగడానికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్ల దారి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది పోయారు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర ఇంకో మంటలో 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఇవేవీ టవర్లు కావు.

సికింద్రాబాద్ లాడ్జి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2022 సెప్టెంబర్‌లో కింద సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నచోట మంటలు లేస్తే, పైన గదుల్లో ఉన్నవాళ్లలో 8 మంది చనిపోయారు. పొగ మెట్ల మీదుగా పైకి పోయింది, అంటే మనుషులు ఏ దారిన దిగాలో ఆ దారినే పొగ ఎక్కింది. భవనాలు ఎలా కట్టాలో చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో మంటల భద్రత గురించిన నాలుగో భాగం సరిగ్గా దీని గురించే చెబుతుంది: సెల్లార్ మెట్లు పై అంతస్తుల మెట్లతో నేరుగా కలవకూడదు, కలిస్తే గ్రౌండ్ లెవెల్లో మంటకి ఆగే తలుపుతో వేరు చెయ్యాలి. మన ఊళ్లో ఎన్ని సెల్లార్లలో ఆ తలుపు చూశారు? నేనైతే చాలా తక్కువ చూశాను, ఉన్నచోట కూడా గాలి రావాలని ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు.

సాల్వెంట్లతో, అంటే రసాయనాల్ని కరిగించడానికి వాడే తేలిగ్గా ఆవిరయ్యే ద్రవాలతో, పని చేసేచోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టోల్యూన్ అనే సాల్వెంట్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 4 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, అంటే మన చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, పైగా గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పాకుతుంది. అందుకే ఎక్కడ ఎంతసేపు ఆవిరి ఉంటుందో చూసి జోన్ 0 (ఆవిరి ఎప్పుడూ ఉండేచోటు), 1 (అప్పుడప్పుడు ఉండేచోటు), 2 (అరుదుగా ఉండేచోటు) అని విడగొట్టి, ఆ జోన్‌కి తగిన ఫ్లేమ్‌ప్రూఫ్, అంటే లోపలి మంటని బయటికి పోనివ్వని, లైట్లు, మోటార్లు పెట్టమంటారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ప్లాంట్‌లో 17 మంది చనిపోయినప్పుడు, సాల్వెంట్ లీకై కింద ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గర అంటుకుందనే అధికారులు చెప్పారు.

డ్రమ్ములోంచి సాల్వెంట్ వంచేటప్పుడు స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ లేపకుండా దాన్ని భూమిలోకి పంపే ఎర్తింగ్ క్లాంప్ పెట్టడం అందరికీ తెలుసు. కానీ ఆ క్లాంప్ పెయింట్ మీద పట్టుకుంటే పెట్టినా పెట్టనట్టే, పళ్లు పెయింట్‌ని గీరి కింది ఇనుముకి తగలాలి. షిఫ్ట్‌లోకి వెళ్లగానే నేను ముందు చూసేది అదే. వెల్డింగ్‌కి పర్మిట్ రాసి ఊరుకుంటే కూడా సరిపోదు, పని అయిపోయాక కనీసం అరగంట ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి, ఎందుకంటే నిప్పురవ్వ ఏ గోనెపట్టాలోనో పడి తాపీగా రాజుకుంటుంది.

ఇంకో మాట, ఇది షాపులు, గోడౌన్లు ఉన్నవాళ్లకి. బయటికి వెళ్లే తలుపు లోపలున్న మనిషి తాళం చెవి లేకుండా తెరవగలగాలి అంటుంది ఆ బిల్డింగ్ కోడే. రాత్రిపూట కుర్రాళ్లు లోపల పడుకుంటుంటే బయట నుంచి షట్టర్ దించి తాళం వెయ్యకండి. దొంగల భయం ఉంటే కెమెరా పెట్టించుకోండి, లేదా వాళ్లకి పడుకోవడానికి వేరే గది చూపించండి.