పద్మిని కోసం లిఫ్ట్: ముందు గచ్చు, తర్వాతే మెషీన్

పోయిన వానాకాలం మా ప్రీమియర్ పద్మిని కారు కింద పడుకుని సైలెన్సర్ క్లాంపు విప్పుతుంటే జాకీ ఒరిగిపోయింది. ముందే రెండు వైపులా స్టాండ్లు పెట్టుకున్నాను కాబట్టి బండి వాటి మీద ఆగింది. నా ఛాతీకీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. లేచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే వేళ్లు వణికాయి. ఆ రాత్రి మా ఆవిడ, "ఇక దాని కిందికి దూరితే మర్యాదగా ఉండదు, ఏదో ఒక ఏర్పాటు చేసుకోండి" అంది. ఆ మాటతోనే కారుని పైకి లేపే లిఫ్ట్ కోసం వెతుకులాట మొదలైంది.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 34 ఏళ్లు పనిచేశాను. అక్కడ క్రేనుతో లేపిన బోగీ ట్రెసిల్స్ (బరువు మోసే స్టాండ్లు) మీద కూర్చునేదాకా కిందికి ఎవరూ వెళ్లరు. క్రేను ఎంత పెద్దదైనా అంతే. అందుకే ఏ డీలరు దగ్గరికి వెళ్లినా "ఎన్ని టన్నులు లేపుతుంది" అని నేను అడగలేదు. పద్మిని బరువు 900 కిలోల లోపే, రెండు స్తంభాల లిఫ్టులేమో మామూలుగా 4 టన్నులవి దొరుకుతున్నాయి. లేపాక బండి దేని మీద నిలబడుతుందన్నదే నాకు కావాల్సింది.

మా అబ్బాయి "గుంత తవ్విద్దాం నాన్నా, చవకలో పోతుంది" అన్నాడు. మాది మౌలాలి. రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. రాయి కొట్టించినా గుంత నాకు ఇష్టం లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అది కిందికి దిగి గుంతలోనే కూర్చుంటుంది. అందులో దిగి గ్రైండర్ పట్టుకోవడం నా వల్ల కాదు. పైగా వానొస్తే నీళ్లు.

పోర్టికోలో పెట్టాలని మొదట అనుకున్నాను. టేపు పట్టి చూస్తే స్లాబ్ ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు, అంటే 2.9 మీటర్లు. పద్మిని ఎత్తే దాదాపు మీటరున్నర. స్లాబుకి తగలకుండా కాస్త సందు వదిలితే బండి 1.3 మీటర్లకంటే పైకి పోదు. స్టూలు వేసుకుని మెడ వంచి పనిచేయాలి. 1.8 మీటర్లు లేపే మెషీన్ కొని అలా వాడటానికి మనసొప్పలేదు.

స్లాబుతో పోలిస్తే గచ్చు ఇంకా పెద్ద సమస్య. ఒక డీలరు "నాలుగంగుళాల గచ్చు చాలు అంకుల్, బోల్టులు కొట్టేస్తాం" అన్నాడు. ఫౌండేషన్ డ్రాయింగ్ ఇవ్వమంటే లేదన్నాడు. ఇంటికొచ్చి పోర్టికో మూలలో ఒక పార్కింగ్ టైలు లేపి, హ్యామర్ డ్రిల్లుకి 14 ఎంఎం బిట్టు వేసి నిలువుగా దింపాను. మొదట టైలు కింది మాలు పొడి తెల్లగా వచ్చింది, తర్వాత బూడిద రంగు కాంక్రీటు పొడి. రెండున్నర అంగుళాల దగ్గర బిట్టు ఒక్కసారిగా జారి లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే కొసన ఎర్ర మొరం. ఆ గచ్చులో బోల్టు కొట్టి బండి లేపి ఉంటే? రెండు స్తంభాల లిఫ్టుకి బండి బరువంతా ఆ బోల్టుల దగ్గరే గచ్చుని పీకుతుంది. లిఫ్ట్ కొనాలనుకునేవాళ్లు దయచేసి ముందు ఈ చిల్లి పెట్టి చూడండి.

నాలుగు స్తంభాలది ఆలోచించాను. బండి చక్రాల మీదే నిలబడుతుంది, బోల్టుల మీద అంత భారం ఉండదు, కింద ఇంకో బండి పెట్టుకోవచ్చు. కానీ చక్రం విప్పాలంటే దాని మీద మళ్లీ జాకీ కావాలి. నాకు బ్రేకుల పనే ఎక్కువ. కత్తెరలా విచ్చుకుని లేపే సిజర్ లిఫ్ట్ చిన్నది, తక్కువ చోటు చాలు, కానీ దాని ఫ్రేము సరిగ్గా గేర్‌బాక్స్ కింద అడ్డమొస్తుంది. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించకుండా కుదరదు. అలా రెండు స్తంభాల దగ్గరే ఆగాను. ఒక మెలిక ఉంది: పద్మినికి వేరే చాసిస్ (కింది ఫ్రేము) ఉండదు, బాడీయే చాసిస్. స్తంభాల నుంచి బండి కిందికి వచ్చే ఆర్ములు పట్టేది డోర్ల కింది సిల్స్‌ని. తుప్పు పట్టిన సిల్ మీద ఆర్ము పెడితే రేకు లోపలికి మడుచుకుపోతుంది. స్క్రూడ్రైవరుతో పొడుచుకుంటూ వచ్చాను. కుడివైపు వెనక ఒక చోట మెత్తగా దిగింది. ముందు అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయించాకే లిఫ్ట్ ఎక్కుతుంది. చిన్న బండ్లున్నవాళ్లు ఆర్ములు ఎంత పొట్టిగా ముడుచుకుంటాయో కూడా కొలవాలి. పెద్ద బండ్ల కోసం చేసిన ఆర్ములు పద్మిని లాంటి పొట్టి బండికి సరైన చోట పడవు.

అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది లాక్. స్తంభం లోపల నిచ్చెన మెట్లలా పళ్లుంటాయి. ఆర్ముల్ని మోసే క్యారేజ్ పైకి పోతుంటే లాక్ ఒక్కో పన్ను దాటుతూ టక్, టక్ మంటుంది. కావాల్సిన ఎత్తుకి వెళ్లాక మోటారు ఆపి, కొంచెం దించి, బండిని ఆ పన్ను మీద కూర్చోబెట్టాలి. అప్పుడు ఆయిల్ సీలు పోయినా, హోస్ పగిలినా బండి కదలదు. ఒక గ్యారేజీలో చూడ్డానికి వెళ్తే కుర్రాడు లేపిన బండిని ఆయిల్ ప్రెషరు మీదే వదిలేసి కింద తిరుగుతున్నాడు. "లాక్ మీదికి దించు బాబూ" అన్నాను. దించాడు. ఎడమవైపు టక్ మంది, కుడివైపు అర క్షణం ఆలస్యంగా పడింది. రెండు క్యారేజీలనీ సమంగా నడిపే కేబుల్ వదులైంది. బిగించేదాకా కింద పని ఆపమని చెప్పి వచ్చాను. నేను తీసుకున్నదానికి రెండు వైపులా లాకులు ఒకే లివరుతో విడిపోతాయి, బండ్ల లిఫ్టులకి యూరప్‌లో ఉన్న ఈఎన్ 1493 ప్రమాణం కాగితాలూ చూపించారు.

కరెంటు సంగతి త్వరగా తేలింది. మా ఇంటికి సింగిల్ ఫేజే, కాబట్టి 2.2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ మోటారు అడిగాను. దానికి మీటరు దగ్గర్నుంచి విడిగా 4 ఎంఎం వైరు లాగించి, స్టార్టింగ్ కరెంటుకి ఊరికే పడిపోకుండా సీ కర్వ్ ఎంసీబీ పెట్టించాను.

చోటు పెరట్లో రేకుల షెడ్డే అయింది. పైపులకి అతుకులు వేయించి రేకుల్ని 13 అడుగులకి లేపించాం. పాత గచ్చు పగలగొట్టించి, మొరం తీయించి, రెండు పొరల ఇనుప జాలీతో 8 అంగుళాల ఎం25 గ్రేడు కాంక్రీటు పోయించాం. మేస్త్రి "పది రోజులకి బోల్టులు కొట్టుకోవచ్చు సార్" అన్నాడు. 28 రోజులు ఆగుతానన్నాను. ఇవాళ్టికి 11 రోజులు. గోనెసంచులు పరిచి పొద్దున, సాయంత్రం నేనే నీళ్లు పడుతున్నాను. మెషీన్ ఇంకా చెక్కపెట్టెలోనే ఉంది, పద్మిని సిల్ వెల్డింగుకి వెళ్లింది.