దసరా సెలవులు, మొసలి, హెల్మెట్

దసరా సెలవులకు సైకిళ్లూ కావాలి, అడవీ కావాలి అని ఇంట్లో తీర్మానం. నా ఓటు అమ్రాబాద్‌కే. కానీ పెద్దపులులుండే అడవిలో సఫారీ బండి దిగకూడదు, నాలుగేళ్ల పిల్ల అంతసేపు కుదురుగా కూర్చోవడం కల్ల. అందుకే తొక్కడం ఊళ్లోనే: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. పైన సౌర ఫలకాల కప్పు ఉంది కనుక ఎండ బాధ తక్కువ. మొత్తం తొక్కే ఉద్దేశం నాకు లేదు, మా ఆవిడకు ఉంది!

మర్నాడు కారులో సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యానికి. అక్కడ మంచినీటి మొసళ్లుంటాయని చెప్పినప్పటి నుంచి పాప హెల్మెట్ తీయకుండానే అన్నం తింటోంది. గడ్డం కింది పట్టీకి పెరుగన్నం మెతుకులు. "మొసలికి కూడా ఒకటి కొందామా నాన్నా?" అని అడిగింది. తలకొలత తీసుకునే పని వాళ్లమ్మకు అప్పగించాను.