రాత్రికి పడవ ఎక్కడ ఆగాలి

తెరచాప పడవలో దీవులు తిరిగి, మలేషియా దీవి లంకావి నుంచి ఇంటికొచ్చాక కావలిలో అందరూ అవే అడిగారు. భయమేయలేదా, వాంతులు కాలేదా, ఫోటోలు ఏవీ? మా పెదనాన్న ఒక్కడే, "రాత్రిళ్లు పడవ యాడ ఆపేవోళ్లు?" అన్నాడు. ఆయన పుట్టి పెరిగింది తుమ్మలపెంట ఒడ్డున. తెరచాప పడవలో కాపురం ఎట్ట ఉంటుందో తెలియాలంటే ముందుగా అడగాల్సింది అదే.

పడవ మా బావది. ఓడల్లో ఇంజనీరుగా చేసి, మలేషియాలో స్థిరపడ్డాక, 38 అడుగుల పాత పడవ ఒకటి కొని బాగు చేసుకున్నాడు. బావ, అక్క, నేను, హాస్టల్ రోజుల నుంచి నా స్నేహితురాలైన ఒంగోలు పిల్ల, మొత్తం నలుగురం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో లంకావి నుంచి థాయ్‌లాండ్ వైపు తరుతావ్, లిపే, అడాంగ్ దీవుల్లో తిరిగాం. మలేషియాకు 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, కాబట్టి ఆ టెన్షన్ లేదు. కానీ సొంత పడవలో దేశం దాటాలంటే హార్బర్ మాస్టర్, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, అన్ని చోట్లా ముద్రలు పడాలి. అవతల చేరాక పసుపు జెండా ఎగరేసి, అనుమతి వచ్చేదాకా పడవలోనే కూర్చోవాలి.

ఆ నెలలే ఎందుకంటే గాలి వల్ల. ఈశాన్య రుతుపవనం అంటే మనకు వానలు, వాయుగుండాలు, పెన్నకు నీళ్లు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. అదే గాలి అక్కడ మలేషియా తూర్పు తీరాన్ని తడిపేసి, మధ్యలో కొండలు దాటి, లంకావి వైపు వచ్చేసరికి పొడిబారుతుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఆకాశం తేటగా ఉంటుంది, అలలు తక్కువ. నైరుతి మొదలయ్యాక మాత్రం సుమత్రా దీవి వైపు నుంచి తెల్లవారుజామున గాలివానలు ఒక్కసారిగా వచ్చి పడతాయట. వాటికి సుమత్రాలనే పేరు కూడా ఉంది.

లంకావి నుంచి లిపే సుమారు 30 నాటికల్ మైళ్లు, అంటే 55 కిలోమీటర్లు. 5 నాట్ల వేగంతో, అంటే గంటకు 5 నాటికల్ మైళ్లు పోతే, ఆరు గంటలు. మధ్యాహ్నం గాలి పడిపోతే డీజిల్ ఇంజనే దిక్కు.

ఈశాన్యం నుంచి గాలి వీస్తుందంటే దీవికి పడమరగానో దక్షిణంగానో ఆగాలి. బ్రోచర్లో ఎంత అందంగా ఉన్నా సరే, గాలికి ఎదురుగా ఉండే తీరంలో రాత్రి ఉండలేం. రోజూ పొద్దున కాఫీ తాగుతూ మేం మాట్లాడుకునేది ఇదే, సాయంత్రానికి ఏ దీవి చాటుకు చేరాలని.

చేరాక లంగరు. నీళ్లు 6 మీటర్ల లోతు ఉన్నాయనుకోండి. అక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ 3 మీటర్ల దాకా తేడా వస్తుంది. మన తీరంలో మీటరు అటూ ఇటూ చూసిన నాకు అది నమ్మశక్యం కాలేదు. పడవ ముక్కు నీటికి మీటరు ఎత్తున ఉంటుంది. అన్నీ కలిపి 10. దానికి 5 రెట్లు, 50 మీటర్ల గొలుసు వదలాలి. లంగరు నిలబడేది ఒట్టి బరువుతోనే అనుకుంటాం గానీ, గొలుసు అడుగున పడుకుని అడ్డంగా లాగితేనే దాని మొన ఇసుకలోకి దిగుతుంది. ఆ తర్వాత బావ ఇంజన్ వెనక్కి తిప్పి లాగి చూసేవాడు. అప్పుడు నా పని ముందుకెళ్లి గొలుసు మీద అరచెయ్యి ఆనించడం. లంగరు పట్టుకుంటే గొలుసు బిగుసుకుని ఊరుకుంటుంది. జారుతుంటే అడుగున రాళ్ల మీద ఈడ్చుకొస్తున్న గరగర సన్నగా చేతిలోకి వస్తుంది.

"ఏం చెప్తాందమ్మాయ్?" అని వెనక నుంచి బావ కేక. "జారతాంది బావా" అంటే మళ్లీ మొదటి నుంచి.

తర్వాత కూడా ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక కొండ మీద ఒక బండ చూసి పెట్టుకుంటాం. ఆ రెండూ ఒకే వరసలో ఉన్నంతసేపు నిశ్చింత. మా వైపు వేటకెళ్లేవాళ్లు తాటిచెట్టునూ గుడి గోపురాన్నీ కలిపి గురి చూసుకున్నట్టే. తరుతావ్ దీవులు 1974 నుంచి నేషనల్ పార్కు. పగడాలున్న చోట లంగరు వేయకూడదు, అక్కడ నీళ్ల మీద తేలే బోయలకే (buoy) తాడు కట్టుకోవాలి. నీళ్లలో తల ముంచి ఆ పగడాలను చూశాక ఆ నిబంధన ఎంత కఠినంగా ఉన్నా నాకు ఇష్టమే.

వంట అక్కా నేనూ చేసేవాళ్లం. స్టవ్ రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడుతుంది, పడవ ఎటు ఒరిగినా అది మట్టంగానే నిలబడుతుంది. లిపేలో జాలరుల దగ్గర వంజరం కొని, పచ్చిమామిడికాయ వేసి పులుసు పెట్టాం. ఫ్రిజ్ బ్యాటరీని ఊరికే తినేస్తుంది కాబట్టి రాత్రి ఆపేవాళ్లం. చింతపండు పులుపుకు చేప చెడలేదు, మర్నాడు అన్నంలోకి ఇంకా బాగుంది. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో, ఆఖర్న ఒక్క చెంబు మంచినీళ్లతో. స్నానమూ అంతే. నలుగురికీ కలిపి ట్యాంకులో ఉండేది 350 లీటర్లు మరి.

ఒక రాత్రి అడాంగ్ చాటున ఆగినప్పుడు బావ చార్టు, అంటే సముద్రపు మ్యాపు పరిచి ఒక గీత చూపించాడు. 1989 నవంబర్ మొదట్లో థాయ్‌లాండ్ సింధుశాఖలో ఒక తుఫాను పుట్టింది. గే అని పేరు. 3వ తేదీన సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను బోల్తా కొట్టించింది, 91 మంది పోయారు. 4న చుంఫోన్ దగ్గర నేల మీదికొచ్చి, ఆ సన్నటి భూమిని దాటి, మేం కూర్చున్న ఈ అండమాన్ సముద్రంలోనే మాకు ఉత్తరంగా దిగి, బంగాళాఖాతంలో బలం పెంచుకుని 8వ తేదీ రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే తుఫాను అది. ఇంటి పెంకులన్నీ లేచిపోతుంటే పిల్లలను మంచం కింద దాచి, తెల్లారేదాకా మంచం కోడు పట్టుకుని కూర్చున్నానని అమ్మ చెప్పేది. అది బయలుదేరిన దిక్కున నేను కూర్చుంటానని ఏనాడూ అనుకోలేదు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పటి నుంచి మా తీరం మ్యాపు చూస్తే మనసు కలుక్కుమంటుంది. కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా గీత గీసినట్టు ఇసుక, ఎదురుగా ఒక్క దీవి లేదు. గాలి లేస్తే పడవ దాచుకోను చోటు ఉండదు. అందుకే మనవాళ్లు అలల్లోంచి తోసుకొచ్చి పడవలను ఒడ్డెక్కించేది. జువ్వలదిన్నె దగ్గర ఫిషింగ్ హార్బర్ కట్టడం నా దృష్టిలో చాలా పెద్ద సంగతి. అలలను ఆపే ఆ గోడల లోపల, వేటపడవలకు అడ్డం రాని ఒక మూల, మా పిల్లలకు చిన్న తెరచాప పడవలు నేర్పే చోటు కావాలి. ఆడపిల్లలకు కూడా. పెదనాన్నతో ఆ మాటంటే, సంఘం పెద్దలతో మాట్లాడదాం, సంక్రాంతికి బావను కూడా రమ్మను అన్నాడు. బావకు ఫోన్ చేసి చెప్పాను, వస్తానన్నాడు.