మీది ఏ ఊరమ్మా?

పొద్దున టీవీలో ‘నేటి అంశం: మోకాళ్ల నొప్పులు’ అని కనిపించగానే అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నల్గొండ రామగిరిలోని మా ఇంట్లో ఈ ఉదయం కార్యక్రమం ఏళ్ల తరబడి మోగుతూనే ఉంది. ఒక యాంకరు, ఒక డాక్టరు, మధ్యలో పూలగుత్తి, తెర అడుగున ఫోను నంబరు. యాంకర్లు ఎందరో మారారు. అత్తమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్లనూ ఇంటి పిల్లల్లాగే చూసుకున్నారు, జలుబుతో గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగమని తెరతోనే చెప్పేంతగా.

ఈ రోజు ఫోను చేసినావిడ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. “నాకు నలభై కూడా లేవు సార్. కింద కూర్చుంటే లేవలేను. మెడ పక్కకు తిరగదు.” టీవీ శబ్దం తగ్గించమని యాంకరు చెప్పింది. ఆవిడ తగ్గించి వచ్చేలోపే “ప్రశ్న త్వరగా అడగండమ్మా” అంది. “మాది దేవరకొండ దగ్గర...” అంటుండగా లైను తెగిపోయింది. డాక్టరు బరువు తగ్గమన్నారు, మెట్లు ఎక్కవద్దన్నారు, కాల్షియం మాత్రల గురించి చెప్పారు. తరువాత ప్రకటనలు.

“ఊరి పేరు చెప్పనియ్యలేదు చూడు. ఏ నీళ్లు తాగి పెరిగిందో అడగాలి కదా!” అన్నారు అత్తమ్మ.

అత్తమ్మ పుట్టింది మర్రిగూడ వైపు. బోరు నీళ్లతో పెరిగిన మనిషి. ఆమె మోకాళ్లు పూర్తిగా చాపుకోవు, ముంజేతులు కాస్త వంగే ఉంటాయి. మన జిల్లా నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాళ్లలోని ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి, పెద్దల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మొదట్లో మామూలు కీళ్లవాతంలాగే కనిపిస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. మా ఊరి పేరు ప్రపంచానికి తెలిసిన దారి అది. తలుచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

ఫోనులో రోగం తేల్చమని ఎవరూ అడగరు. ఆ దేవరకొండ ఆవిడది ఏ జబ్బో నాకూ తెలియదు. కానీ ఊరు, నీళ్లు అడిగి ఉంటే, ఒకసారి ఫ్లోరోసిస్ పరీక్ష కూడా చేయించుకోమని ఆ డాక్టరుగారే చెప్పేవారేమో. ఆయన మంచిగానే చెప్పారు. ఆయనకు అందాల్సిన మాట అందలేదు, అంతే.

అమెరికాలో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి ‘లైవ్’ కార్యక్రమం చూసేదాన్ని. 1988 నుంచి దేశమంతటా వస్తున్న ఉదయపు కబుర్ల కార్యక్రమం అది. మొదట రీజిస్ ఫిల్బిన్, కేథీ లీ గిఫర్డ్ నడిపేవారు. 2001లో కెల్లీ రిపా వచ్చింది. 2011లో రీజిస్ తప్పుకున్నా, ఆమె ఇప్పటికీ ఉంది, 2023 నుంచి భర్త మార్క్ కాన్సులోస్‌తో కలిసి. మొదటి కాసేపు రాసుకున్న మాటలేవీ ఉండవు. నిన్న ఏం తిన్నాం, ఎక్కడికి వెళ్లాం, పేపర్లో ఏముంది, ఇవే ముచ్చట్లు. తరువాత ఇంట్లో ఉన్న ఒక ప్రేక్షకురాలికి వాళ్లే ఫోను చేసి చిన్న ప్రశ్న వేస్తారు. ప్రశ్న కన్నా ముందు మీది ఏ ఊరు, ఏం చేస్తుంటారు అని పలకరిస్తారు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యే నాకు కూడా ఆ పలకరింపు హాయిగా ఉండేది. అన్నేళ్లు నిలబడడానికి పెద్ద పెద్ద తారలు రావడం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మనిషి మాట పూర్తయ్యేదాకా వినే ఓపిక ఉన్నచోటికే జనం మళ్లీ మళ్లీ వస్తారు.

మన దూరదర్శన్‌లో ఉదయపు ప్రసారాలు 1987లో మొదలయ్యాయి. అప్పుడు టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో. ఇప్పుడు లెక్కలేనన్ని చానళ్లు, చేతిలో ఫోను. అయినా పొద్దున పూట ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, వంటింట్లోంచి బయటికి రాలేని ఆడవాళ్లకు డాక్టరుతో నేరుగా మాట్లాడే దారి ఈ కార్యక్రమమే. బస్సెక్కి హైదరాబాదు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఆ రెండు నిమిషాలు నాకు చిన్నవిగా అనిపించవు. ప్రకటనలు కాస్త తగ్గించుకుని ఇంకో నిమిషం ఆ మనిషికి ఇవ్వలేరా?

మధ్యాహ్నం గడియారం సెంటర్‌కు వెళ్లి కూరగాయలు, అత్తమ్మ నొప్పి మాత్రలు తెచ్చాను. ఎండ దంచేస్తోంది, ఇంకెక్కడా ఆగలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం. రేపటి అంశం పిల్లల పళ్లట. అత్తమ్మే ఫోను చేస్తానన్నారు. ఆమె చెబుతుంటే పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ప్రశ్న చివర పెట్టాం. ఊరు, మండలం, బోరు నీళ్లు, ఎన్నేళ్లు తాగారు అన్నవి మొదటి వరుసలోనే ఉన్నాయి. లైను తెగినా అవి మాత్రం గాలిలోకి వెళ్లిపోవాలని అత్తమ్మ పట్టు.