నరసాపురం రేవులో తాబేలు

అంతర్వేది గురించి రాయాలనే వెళ్లాను. గుడి చూశాను, సంగమం చూశాను, లైట్‌హౌస్ దగ్గర ఎండకు మాడాను, తిరిగి వచ్చాను. వాటి సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. నాకు మిగిలింది మాత్రం నరసాపురం రేవులో, గోదావరి దాటించే పంటు కోసం కాచుకున్న గంటన్నర.

రైలు దిగి రేవుకు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. అవతల సఖినేటిపల్లి ఒడ్డు కళ్లెదుటే ఉంది. పంటు మాత్రం కదలదు. వశిష్ఠ గోదావరి పాటు మీద ఉందట, అంటే నీళ్లు తీస్తున్నాయట. పోటు అందుకుంటే గాని పంటు తీయరట. ఎంతసేపు పడుతుందని అడిగితే "వచ్చేస్తుందండి" అంటారు. ఏది వచ్చేస్తుందో చెప్పరు. ఆ చిరాకులో ఒక కొబ్బరి బోండాం కొట్టించుకున్నాను. 60 రూపాయలు! హైదరాబాదులో మా వీధి చివరా అంతే ధర. రైలు ఛార్జీ పెట్టుకుని నేను ఇంత దూరం వచ్చాను గాని బోండాం ఎక్కడికీ వెళ్లలేదు కదా అన్నాను. బోండాలాయన నవ్వాడు, ధర మాత్రం తగ్గించలేదు.

అప్పుడే ఇద్దరు పిల్లలు కాలువ వైపు నుంచి పరుగున వచ్చారు. వాళ్లు వేసిన గాలానికి తాబేలు పడింది. టీ కొట్టు బల్ల మీద పేపరు చదువుతున్న ఒక పెద్దాయన లేచి వాళ్లను ఆపాడు. రిటైరైన జువాలజీ లెక్చరర్ అట, అందరూ మాస్టారు అనే పిలుస్తున్నారు. "దీన్ని ఇంటికి పట్టుకెళ్తే జైల్లో పెడతారు, తెలుసా?" అని ముందు బెదిరించారు. అబద్ధం కాదు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఇది గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోనే ఉంది. తరువాత దాని పెదవిలో దిగిన గాలం నెమ్మదిగా తీశారు. వెంటనే వదిలేస్తారనుకున్నాను. పాఠం చెప్పే అలవాటు అంత తొందరగా పోతుందా!

డిప్ప వెనక అంచు పట్టుకుని పైకెత్తారు. నేను అనుకున్న తాబేలులా లేదు. వీపు మీద పలకలు లేవు, తడి తోలు కప్పినట్టు నున్నగా ఉంది. ముక్కు చిన్న గొట్టంలా ముందుకు పొడుచుకొచ్చింది. ఒళ్లంతా నీళ్లలో ఉంచి అది మాత్రం పైకి పెట్టి గాలి పీల్చుకుంటుందట. ముందు పంజాకు వేళ్లు ఐదు, గోళ్లు మూడే. ఈ మెత్తని డిప్ప కుటుంబానికి ట్రయోనికిడే అన్న పేరు ఆ మూడు గోళ్ల వల్లే వచ్చిందట. తిరగేసి కడుపు చూపించారు. తోలు కింద ఎముక గరుకుగా తేలిన మచ్చలు ఏడు ఉన్నాయి, నేనూ లెక్కపెట్టాను. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే రెండు తోలు రెప్పలు వాటి మీద తలుపుల్లా మూసుకున్నాయి.

"చాలామంది డిప్ప అంటే దాని ఇల్లనుకుంటారు. ఇల్లు కాదండీ, ఒళ్లు," అన్నారు మాస్టారు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఆ డిప్ప అయ్యాయి. మన భుజం ఎముక పక్కటెముకలకు బయట ఉంటుంది, తాబేలుకు లోపల ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంకెవరికీ ఈ అమరిక లేదట. అది విన్నాక నా భుజం తడుముకుని చూసుకున్నాను.

దీని శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. పంక్టాటా అంటే చుక్కలది అని అర్థం. మన దానికి వీపు మీద ఒక్క చుక్కా లేదు! పసుపు చుక్కలవి ఉత్తరాదిన గంగ వైపు ఉంటాయట, పేరు మాత్రం అందరికీ అంటుకుంది.

కొత్త జాతి తాబేలును కనిపెట్టారని ఆ మధ్య ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్లు అవి ఎక్కడ దాక్కుంటాయండీ అని అడిగాను.

"దాక్కోవడం ఏమిటి? శ్రీలంకలో దీని చుట్టం ఒకటి చెరువుల్లో అందరి కళ్లముందే తిరుగుతోంది. అదీ ఇదీ ఒకటే జాతి అని పుస్తకాల్లో ఉండేది. 2011లో జన్యువులు పోల్చి చూసి, కాదు వేరే జాతి అన్నారు."

దక్షిణ అమెరికాలో మాటమాటా అనే తాబేలు ఉందట, ఎండుటాకుల కుప్పలా ఉంటుందట. 1783లో పేరు పెట్టినప్పటి నుంచి దాన్ని ఒకే జాతిగా లెక్కవేశారు. ఒరినోకో నది వైపువి వేరే జాతి అని 2020లో తేల్చారు. రెండూ విడిపోయి సుమారు కోటీ ముప్పై లక్షల ఏళ్లయిందట. "మాటా మాటా పెరిగి విడిపోయాయన్నమాట" అన్నాడు టీ కొట్టు ఆయన. పంటు ఆలస్యమైందని గొణుగుతున్నవాళ్లు కూడా నవ్వారు.

ఆ మాటమాటా మెడను పక్కకు తిప్పి డిప్ప అంచు కింద దాచుకుంటుంది. మన చెరువుల్లో, నదుల్లో ఉండే తాబేళ్లన్నీ మెడను కొంగలా నిలువుగా మడిచి లోపలికి లాక్కుంటాయి. ప్రపంచంలోని తాబేళ్లన్నిటినీ ముందు ఈ మెడ మడిచే తేడాతోనే రెండుగా చీలుస్తారు. మెడ పక్కకు మడిచేవి ఇప్పుడు మన దేశపు నీళ్లలో లేవు, ఒకప్పుడు ఉండేవి. తమిళనాడులోని కల్లమేడులో రాక్షసి బల్లుల కాలం నాటి శిలాజం దొరికితే 2001లో దానికి కూర్మడెమిస్ అని పేరు పెట్టారు. కూర్మం మన మాటే కదా అని మాస్టారు మురిసిపోయారు.

నాకు అమ్మమ్మగారి బావి గుర్తొచ్చింది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని అందులో తాబేలును వేసేవారు. అప్పుడప్పుడు చేదతో పాటు పైకి వచ్చేది. అది ఇలాంటిదేనా అని అడిగాను.

"వీపు నున్నగా ఉండేదా, గట్లు ఉండేవా? మూడు గట్లుండి నల్లగా ఉంటే అది మెలనోకెలిస్ ట్రైజుగా. గట్టి డిప్పది, కుటుంబమే వేరు."

నాకు నలుపు గుర్తుంది, గట్లు గుర్తు లేవు. బావిలో అన్నీ నలుపే. ఈలోగా పంటు హారన్ కొట్టింది. పిల్లలు తాబేలును కాలువలో వదిలారు. నీళ్లు తగలగానే అది బురదలోకి తలకిందులుగా దిగిపోయింది. మాస్టారికి సరిగా నమస్కారం కూడా పెట్టకుండా పరుగెత్తి పంటు ఎక్కాను.

ఆ రాత్రి, ఫ్యాను తిరగని గదికి దండిగా డబ్బు కట్టి, నిద్ర పట్టక అక్కకు ఫోను చేశాను. అమ్మమ్మ బావిలో తాబేలు వీపు ఎలా ఉండేదని అడిగాను.

"ఇంత రాత్రి దీనికా ఫోను?" అని కాసేపు ఊరుకుంది. "గట్లు ఉండేవిరా, మూడు. నడిమి గట్టు మీద సుద్దముక్కతో నీ పేరు రాసి వదిలావు. మర్నాడు చేదలో వస్తే దాని మీద నీ పేరు లేదు. ఇది వేరే తాబేలు అని ఏడుపు. అదేనని అమ్మమ్మ ఎంత చెప్పినా విన్నావా?"